నాలుగో ఏడాది చదవాలా, మూడేళ్లతో బయటికి రావాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. నేను విజయవాడలో హాస్టల్లో ఉండి కెమిస్ట్రీ మేజర్‌తో బీఎస్సీ ఐదో సెమిస్టర్ చదువుతున్నాను. మూడో సెమిస్టర్‌లో ఫిజికల్ కెమిస్ట్రీ పేపర్ ఉండిపోయింది. మిగతావన్నీ కలిపితే 68 శాతం. మూడేళ్లతో ఆపి ఎమ్మెస్సీకి వెళ్లాలా, నాలుగో ఏడాది ఆనర్స్ చదవాలా తేలడం లేదు. బావగారేమో బీఈడీ చేసెయ్యమంటున్నారు. మా మెంటర్ మేడమ్‌ని అడుగుదామంటే ఆవిడ చుట్టూ ఎప్పుడూ జనమే. పైగా ఫెయిలైన సంగతి బయటపడుతుందని టెన్షన్.
– ఒక విద్యార్థిని

జవాబు: ఫెయిలైన సంగతి మీ మెంటర్‌కి ఈపాటికి తెలిసే ఉంటుందమ్మా. నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఇదే కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. రిజల్ట్స్ రాగానే మేం మొదట చూసేది తప్పినవాళ్ల లిస్టే.

ఏళ్ల లెక్క చూద్దాం. మూడేళ్ల డిగ్రీ మీద ఎమ్మెస్సీ రెండేళ్లు. నాలుగేళ్ల ఆనర్స్ చేసినవాళ్లకు ఏడాది పీజీ చాలని యూజీసీ చెబుతోంది. ఎటు చూసినా ఐదేళ్లే. ఏడాది కలిసొస్తుందని ఎవరన్నా అంటే నమ్మకు. పైగా ఆ ఏడాది ఎమ్మెస్సీ నువ్వు చేరదామనుకునే చోట ఉండాలిగా? ఇంటికి వచ్చే దారిలోనే కదా నాగార్జున యూనివర్సిటీ, దిగి డిపార్ట్‌మెంట్‌లో కనుక్కో.

ఆనర్స్ విత్ రీసెర్చ్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. నీ 68తో అక్కడికి చేరాలంటే మిగిలిన రెండు సెమిస్టర్లలో దాదాపు 89 చొప్పున రావాలి. కష్టం. రీసెర్చ్ లేని మామూలు ఆనర్స్ ఉంది గానీ, నన్నడిగితే మూడేళ్లతో బయటికొచ్చి పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాయి. రేపు పీహెచ్‌డీ మీద మనసు పోయినా, ఎమ్మెస్సీలో 55 శాతం ఉంటే ఆ దారి మూసుకుపోదు. బావగారి మాటా తీసిపారేసేది కాదు, పాఠం చెప్పడం నీకిష్టమైతే.

కానీ ఎమ్మెస్సీకైనా బీఈడీకైనా డిగ్రీ పాసవ్వాలి. నీ అసలు సమస్య ఆ ఒక్క పేపరే. మెమో తీసి చూడు. ఇంటర్నల్ బాగుండి ఎక్స్‌టర్నల్‌లో పోయిందంటే, పాఠం వచ్చు గానీ పరీక్షలో రాయలేకపోయావని. మా పిల్లలు థియరీ బట్టీపట్టి లెక్కలు వదిలేసేవాళ్లు. లెక్క చేసినవాళ్లు కూడా ఎంథాల్పీని కిలోజౌళ్లలో, ఎంట్రోపీని జౌళ్లలో ఉంచేసి తీసివేసేవాళ్లు. ఫార్ములా కరెక్టే, జవాబు మాత్రం ఎక్కడికో పోయేది. ఇలాంటివి ఎన్ని పేపర్లు దిద్దానో! పాత ప్రశ్నపత్రాల్లోని లెక్కలు యూనిట్లతో సహా రోజూ కాసేపు చెయ్యి.

మెంటర్ దగ్గరికి ఇంటర్వెల్‌లో వెళ్లకు, ఆవిడ మాట వినిపించదు. ప్రాక్టికల్స్ అయ్యి అందరూ బ్యూరెట్లు కడుగుతుంటారు చూడు, అప్పుడు మెమోలన్నీ పట్టుకుని వెళ్లు. "నేనేం చేయాలి మేడమ్" అంటే ఆవిడ మాత్రం ఏం చెబుతుంది? ఈ పేపర్ మళ్లీ ఎప్పుడు పెడతారు, సిలబస్ మారిందా అని అడుగు. సాధారణంగా మూడో సెమిస్టర్ పేపర్లు ఐదో సెమిస్టర్ పరీక్షలతోపాటే పెడతారు. ఇప్పుడు వదిలేస్తే ఇంటర్న్‌షిప్ రిపోర్టుల హడావుడిలో పడి అసలు చదవవు.

ఫీజు నోటీసు బోర్డు మీద పడిన రోజే కట్టెయ్యి, లేట్ ఫీజు దాకా తెచ్చుకోకు. రసీదు ఫోటో తీసి ఉంచుకో. పరీక్ష రాసేవాళ్ల జాబితా, అంటే నామినల్ రోల్స్‌లో నీ పేరు రాకపోతే ఆఫీసువాళ్లు మొదట అడిగేది అదే.