నర్సుల డ్యూటీ చార్ట్ ప్రోగ్రామ్ రాత్రంతా నడిచినా తేలట్లేదా? ముందు కూడిక లెక్క చూడండి

12 మంది నర్సులకు నెల చార్ట్ వేసే ప్రోగ్రామ్ రాశాను, రాత్రంతా నడిచినా జవాబు రావట్లేదు, తప్పెక్కడ అని అడిగారు. తప్పు కోడ్‌లో ఉండకపోవచ్చు. ఒక్కో సిస్టర్‌కి రోజుకి మార్నింగ్, ఈవెనింగ్, నైట్, ఆఫ్ అని నాలుగు దారులు, 30 రోజులకి 360 గళ్లు. 4ని 360 సార్లు వేసి గుణిస్తే 217 అంకెల సంఖ్య వస్తుంది, అన్నీ వరసగా చూసే ప్రోగ్రామ్ ఏ కంప్యూటర్ మీదా పూర్తవదు.

నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేట్ ఆసుపత్రికి మూడేళ్లు ఈ చార్ట్ వేశాను. ఒక్క రోజుకే అయితే సులువు: ఎవరు ఏ షిఫ్ట్‌కి రాగలరో రాసుకుంటే అది బైపార్టైట్ మ్యాచింగ్ (రెండు గుంపుల మధ్య జతలు కుదిర్చే లెక్క), 1973 నాటి హాప్‌క్రాఫ్ట్-కార్ప్ పద్ధతి వందల మందికైనా ఇట్టే తేల్చేస్తుంది. నైట్ దిగిన మనిషికి వెంటనే మార్నింగ్ వేయకూడదు, వరసగా మూడు నైట్లు దాటకూడదు అని రోజుకీ రోజుకీ ముడి వేశామా, అక్కడ మొదలవుతుంది చిక్కు. ఇలాంటి నియమాలన్నీ కలిసిన రోస్టర్ సమస్య సాధారణ రూపంలో ఎన్‌పీ-హార్డ్. అంటే ఏ ఆసుపత్రి లెక్క ఇచ్చినా వేగంగా తేలుస్తుందని హామీ ఇవ్వగల పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. స్కూల్ టైమ్‌టేబుల్‌దీ అదే కథ, టీచర్లకి కొన్ని పీరియడ్లే వీలైతే అది ఎన్‌పీ-కంప్లీట్ (అలాంటి కష్టమైన లెక్కల్లోదే) అని 1976లోనే ఈవెన్, ఇటాయ్, షమీర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు నిరూపించారు.

కానీ నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదికాదు. ఒక దసరా నెలలో, కొండ మీద అమ్మవారి దర్శనానికని అందరూ సెలవులడిగిన నెల, నా ప్రోగ్రామ్ రెండు రోజులు నడిచింది. చివరికి కాగితం మీద లెక్కేశాను. రోజుకి మూడు షిఫ్టులకి 4, 4, 3 కలిపి 11 మంది కావాలి, నెలకి 330 డ్యూటీలు. 12 మందికి నాలుగేసి ఆఫ్‌లు పోతే ఉన్నవి 312. పద్దెనిమిది డ్యూటీలకి మనుషులే లేరు! ఒక్కో గడి నింపుతూ వెనక్కొచ్చే ప్రోగ్రామ్‌కి ఈ మొత్తం కనపడదు, లేనిదాని కోసం వెతుకుతూనే ఉంటుంది. ఆ కాగితం మేనేజ్‌మెంట్‌కి చూపించాకే ఇద్దరు టెంపరరీ సిస్టర్లు వచ్చారు. అప్పటిదాకా ఆ భారం ఉన్నవాళ్ల డబుల్ డ్యూటీల మీదే పడింది, ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధే.

మీరూ ముందు ఆ కూడిక చేయండి. సరిపోతే సొంత వెతుకులాట ఆపి, గూగుల్ ఉచితంగా ఇచ్చే ఓఆర్-టూల్స్ సాఫ్ట్‌వేర్‌లోని సీపీ-శాట్ (నియమాలు ఇస్తే వాటికి సరిపోయే జవాబు వెతికిపెట్టే ప్రోగ్రామ్) వాడండి, నర్సుల చార్ట్ ఉదాహరణ అందులోనే ఉంది. తప్పనిసరి నియమాలు మాత్రమే గట్టిగా పెట్టి, ఫలానా ఆదివారం ఆఫ్ కావాలి లాంటివి తీర్చలేకపోతే పెనాల్టీ (చార్ట్‌కి మార్కుల కోత) పడేలా రాయండి, నైట్లు అందరికీ ఇంచుమించు సమానంగా పడకపోయినా పెనాల్టీ పెట్టండి. పది నిమిషాల టైమ్ లిమిట్ ఇస్తే అప్పటికి దొరికిన మంచి చార్ట్‌తో పాటు, ఇంకా ఎంత మెరుగుపడే వీలుందో కూడా చెబుతుంది. అయినా తేలకపోతే మీ షిఫ్ట్‌కి ఎంతమంది కావాలో, ఆఫ్‌లు ఎన్నో ఇక్కడ రాయండి, చూస్తాను.