కృతజ్ఞత డైరీ రాస్తే జీవితానికి అర్థం దొరుకుతుందా?

కొన్ని నెలలుగా రోజూ రాత్రి కృతజ్ఞత డైరీ (దేనికి కృతజ్ఞతగా ఉన్నామో రాసుకునే డైరీ) రాస్తున్నా మనసులో ఏ మార్పూ లేదని, ఇదంతా కాలక్షేపమేనా అని అడిగారు. నాకైతే పనిచేసింది. కాకపోతే అందులోకి మనుషులు వచ్చాకే.

అమ్మ పోయాక నాకు దేనిమీదా మనసు నిలిచేది కాదు. లేవడం, వండడం, ఆఫీసుకు పోవడం, ఇదంతా ఎవరి కోసమో అర్థమయ్యేది కాదు. ఎవరో చెబితే డైరీ మొదలుపెట్టాను. ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లలు. మర్నాడూ అవే. హాజరు పట్టీ రాసినట్టు ఉండేది.

ఓ రాత్రి విసుగొచ్చి, తిరుపతి ఆసుపత్రిలో అమ్మను చూసుకున్న ఆయా గురించి రాశాను. నెలల తరబడి మంచం మీదే ఉండటంతో అమ్మ జుట్టు ఉండలు కట్టింది. ఆయమ్మ డ్యూటీ దిగాక కూర్చుని, కొబ్బరినూనె పెట్టి, ఓపిగ్గా చిక్కు తీసి, రెండు జడలేసింది. రిబ్బను లేదు కాబట్టి గాయాలకు కట్టే గుడ్డ చించి ముడేసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. అది రాశాక ఊరికే ఉండబుద్ధి కాలేదు, వెళ్ళి కలిశాను. "మీ అమ్మ ఎప్పుడూ సంగటి, ఊరిబిండి గురించే చెప్తా ఉన్నింది. నువ్వు చేస్తే ఉప్పు తక్కువంట" అని నవ్వింది. నాతో ఆ మాట అమ్మ ఏనాడూ అనలేదు! చాలా రోజుల తర్వాత అక్కడే గట్టిగా నవ్వాను.

అప్పట్నుంచి "ఆరోగ్యం" లాంటివి రాయడం మానేశాను. ఎవరు, ఏం చేశారు, అంతే. అలా రాస్తుంటే మనకూ ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. నేను భక్తులకు స్వచ్ఛందంగా సేవ చేసే శ్రీవారి సేవకు పేరిచ్చి తిరుమలలో వారం రోజులు వడ్డించాను. అక్కడ అన్నదానం 1985 నుంచి నడుస్తోంది, కూరగాయలు కూడా చాలావరకు దాతలు పంపేవే. సాంబారు బకెట్టు మోసి చేతులు లాగేసేవి. కానీ "అమ్మా, ఇంకొంచెం" అని ఎవరైనా అడిగితే, నేనెందుకున్నానన్న ప్రశ్న ఆ పూటకు రాదు. అర్థం అంటే నాకు ఇంతే తెలుసు.

రోజూ రాయాలన్న నియమం ఏమీ లేదు. 2003లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో ప్రచురించిన అధ్యయనంలో ఒక విద్యార్థి బృందం పది వారాల పాటు వారానికోసారి, ఐదు విషయాల దాకా రాసింది. చిరాకులు రాసుకున్న వాళ్ళకంటే వీళ్ళకు తమ జీవితం మెరుగ్గా అనిపించింది. మీరూ వారానికోసారికి మార్చి చూడండి. ఒక్క మనిషి గురించే రాయండి, వీలైతే ఫోన్ చేసి చెప్పండి. మొదట కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, అవతలివాళ్ళు "ఏమైంది, బాగున్నావా?" అని కంగారుపడతారు కూడా.

ఇంకో మాట. జీతం ఆపేసి "ఉద్యోగం ఉంది, సంతోషించు" అనేవాళ్ళ మాట పట్టించుకోకండి. రావలసింది అడగడానికీ కృతజ్ఞతకూ ఏ గొడవా లేదు. అలాగే నిద్ర పట్టక, తిండి సయించక వారాలు గడుస్తుంటే మాత్రం డైరీ పక్కనపెట్టి ముందు డాక్టరును కలవండి. నేనూ మందులు వాడాను, డైరీ ఆ తర్వాతే.