ఆందోళన తగ్గడానికి మాత్ర వేస్తే మా కుక్కకు విరేచనాలెందుకు?

ప్రశ్న: మా లాబ్రడార్‌కు నాలుగేళ్లు, బరువు 28 కిలోలు. మేం ఆఫీసుకు వెళ్లగానే తలుపులు గీరేస్తూ ఒకటే అరుపులు. పశువైద్యులు రోజుకు 40 మి.గ్రా. ఫ్లూఆక్సెటిన్ రాశారు. ఎనిమిది రోజులైంది. నాలుగో రోజు నుంచి సగం తిండి వదిలేస్తోంది, రోజుకు మూడు నాలుగుసార్లు పల్చగా విరేచనం అవుతోంది. మెదడుకిచ్చే మందుకు కడుపుతో ఏం సంబంధం? ఆపేయమంటారా? గోమార్లు కూడా పట్టాయి, మందు నీళ్లతో స్నానం చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, అసలు ప్రమాదం అక్కడుంది. గోమార్లకు వాడే ద్రావణాల్లో తరచూ ఉండే మందు అమిట్రాజ్. సీసా మీద ఆ పేరుంటే ఈ కుక్క ఒంటికి తగలనివ్వకండి, ఆ మందున్న కాలర్ కూడా కట్టకండి. నరాల మధ్య సందేశాలు మోసే రసాయనం సెరటోనిన్. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును అమిట్రాజ్ అడ్డుకుంటుంది. విడుదలైన సెరటోనిన్‌ను కణాలు మళ్లీ లోపలికి లాక్కోకుండా ఫ్లూఆక్సెటిన్ ఆపుతుంది. రెండూ కలిస్తే సెరటోనిన్ ఒంట్లో పేరుకుపోతుంది. వణుకు, పెద్దవైన కంటిపాపలు, తీవ్ర జ్వరం, ఫిట్స్ రావచ్చు. అమిట్రాజ్ వాడాక కనీసం 14 రోజులు ఆగితేగాని ఫ్లూఆక్సెటిన్ మొదలుపెట్టకూడదు. ఫ్లూఆక్సెటిన్ ఆపేశాక అమిట్రాజ్‌కు 6 వారాలు ఆగాలి. నొప్పికిచ్చే ట్రామడాల్‌తోనూ ఇదే భయం.

ఇక కడుపు సంగతి. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా తయారయ్యేది పేగుల్లోనే. మనుషుల్లోనూ అంతే, కుక్కల్లోనూ అంతే. పేగు లోపలి పొరలో అక్కడక్కడా ఉండే ప్రత్యేక కణాలు, ఆహారం గోడను ఒత్తినప్పుడు సెరటోనిన్‌ను వదులుతాయి. అది గోడలోని నరాలను తట్టి లేపుతుంది. ముద్దకు వెనక కండరం బిగుసుకుంటుంది, ముందు వదులవుతుంది, ముద్ద కిందికి జరుగుతుంది. పేగు లోపల సెరటోనిన్ పెడితే ఈ కదలిక పెరుగుతుందని శాస్త్రవేత్త ఎడిత్ బుల్‌బ్రింగ్ 1950ల చివర్లోనే గినీ పిగ్‌ పేగు మీద చూపించారు. పని అయ్యాక పేగు పొర కణాలే సెరటోనిన్‌ను తిరిగి పీల్చుకుంటాయి. మీ కుక్కలో ఆ పీల్చుకోవడం ఇప్పుడు తగ్గింది. అందుకే పేగు వేగం పెరిగింది, నీరు ఎక్కువగా ఊరుతోంది. అదే సెరటోనిన్, పేగుల నుంచి మెదడుకు కబురు మోసే వేగస్ నరాన్ని కూడా తట్టి వికారం పుట్టిస్తుంది. అది తిండి వదిలేయడానికి ఒక కారణం.

మోతాదులో తప్పు లేదు. కుక్కలకు కిలోకు 1 నుంచి 2 మి.గ్రా. ఇస్తారు, మీది కిలోకు దాదాపు 1.4. ఈ ఇబ్బంది చాలా కుక్కల్లో మొదటి రెండు వారాల్లో నెమ్మదిస్తుంది. ఆందోళన తగ్గడానికి మాత్రం 4 నుంచి 6 వారాలు పడుతుంది, కాబట్టి ఇప్పుడే మందు పనిచేయలేదని తేల్చకండి. మీరే ఆపకండి. మీ డాక్టర్‌కు ఫోన్ చేసి, కొన్నాళ్లు 20 మి.గ్రా. ఇచ్చి మళ్లీ పెంచవచ్చేమో అడగండి. కుక్క తిండి తిన్నాకే మాత్ర వేయండి. ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తని అన్నం కొద్దికొద్దిగా నాలుగు పూటలు పెట్టండి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. ఇంట్లో ఉన్న విరేచనాల మాత్రలు వేయవద్దు.

నెపమంతా మందు మీదకే నెట్టకూడదు. కొంకి పురుగులూ, జియార్డియా అనే పేగు పరాన్నజీవీ కూడా ఇలాగే చేస్తాయి. తాజా మలం పరీక్షకు పంపండి. వారానికోసారి తూకం చూడండి, ఒకటిన్నర కిలో తగ్గితే చెప్పండి.

ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా, రెండుసార్లకు మించి వాంతులైనా, మెడ మీద చర్మం పట్టి వదిలితే వెంటనే వెనక్కి వెళ్లకపోయినా, మలం నల్లగా తారులా వచ్చినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. నల్ల మలం కడుపులో రక్తస్రావానికి గుర్తు కావచ్చు, అందుకే గట్టిగా చెబుతున్నాను. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు సెరటోనిన్‌ను సొంతంగా చేసుకోలేవు, పేగు నుంచి వచ్చినదాన్నే నింపుకుంటాయి. ఈ మందు ఆ నింపుకోవడాన్నీ ఆపుతుంది, దాంతో రక్తం గడ్డకట్టడం మందగించవచ్చు. కాబట్టి మెలాక్సికామ్ లాంటి నొప్పి మందులు దీంతోపాటు ఇస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. వణుకు, తూలడం, 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం కనిపిస్తే రాత్రయినా ఆగకండి, మందు డబ్బా వెంట తీసుకెళ్లండి.

గోమార్లకు ఫ్లురాలానర్ లేదా అఫాక్సోలానర్ నమిలే మాత్రలు బరువును బట్టి రాయించుకోండి. కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. ఆ మాత్రలకూ, ఫ్లూఆక్సెటిన్‌కూ రెండింటికీ అది ముఖ్యమే.