ఉల్లిగడ్డకు వణికే సర్కారు స్కూల్ ఫీజుకు ఎందుకు వణకదు?

ప్రశ్న: ధరలు నిజంగా దేశ రాజకీయాలను మారుస్తాయా, లేక జనం కులం, మతం, నాయకుడి మొహం చూసే ఓటేస్తారా?

మారుస్తాయి. కాకపోతే అన్ని ధరలూ కాదు. వారం వారం జేబులోంచి డబ్బు లాగే సరుకులకే ఢిల్లీ భయపడుతుంది. 1998లో ఉల్లి ధర మండిపోతుంటే ఢిల్లీలో బీజేపీ ఎన్నికల ముందు సుష్మా స్వరాజ్‌ను ముఖ్యమంత్రిని చేసింది, అయినా ఓడిపోయింది. ఆ దెబ్బ ఏ పార్టీ మర్చిపోలేదు. కానీ ఆ భయానికి బలయ్యేది ఎవరో తెలియాలంటే మా దేవరకద్ర మార్కెట్ యార్డుకు రావాలి.

అక్కడ బుధవారం ఉల్లిగడ్డ వేలం. వ్యాపారులే కాదు, ఇంట్లోకి బస్తా కొనుక్కుపోయేవాళ్లూ వస్తారు. ధర దించడానికి 2023 డిసెంబర్ 8 నుంచి కేంద్రం ఉల్లి ఎగుమతులు ఆపేసింది. సరిగ్గా ఆ తర్వాతి వారమే మా చిన్నాయన గడ్డ తెచ్చాడు. నేను తోడు వెళ్లాను. సేటు ఒక గడ్డ తీసి, మెడ దగ్గర బొటనవేలితో నొక్కి, "తడి ఉన్నది" అన్నాడు. పది రోజుల కింద ఇదే తడి గడ్డ కోసం ఎగబడ్డారు! వేలం పాట మొదలైన చోటి నుంచి పెద్దగా కదల్లేదు. "ఇంకొంచెం చూడు సేటూ" అని చిన్నాయన అంటే, "నాసిక్‌లనే పడిపోయింది, నేనేం జెయ్యాలె" అని ఫోన్ చూపించాడు. ఆలోపు నా ఫోన్ మోగింది. మా ఆవిడ. గడ్డ అగ్గువైందట కదా, వచ్చేటప్పుడు ఒక బస్తా తీసుకురండి అని. చిన్నాయనకు వినబడనే వినబడింది. "తీస్కపో బిడ్డా, నీకు పైసలెందుకు" అని నవ్వి, హమాలీ, కమీషన్ పోను తక్‌పట్టీలో, అంటే సరుకు అమ్మాక ఇచ్చే లెక్క చీటీలో, ఏం మిగిలిందో చూసుకుంటూ నిలబడ్డాడు. మందుల షాపు బాకీకే చాలదు అది.

మహారాష్ట్రలో నాసిక్ వైపు రైతులు మాత్రం ఊరుకోలేదు. 2024 మే 4న నిషేధం ఎత్తేసినా, మే 20 లోక్‌సభ పోలింగ్‌లో దిండోరిలో బీజేపీ కేంద్ర మంత్రి భారతి పవార్‌నే ఓడగొట్టారు. మా పాలమూరులోనూ అదే గడ్డ, అదే నష్టం. ఇక్కడ గెలిచింది మాత్రం అదే బీజేపీ నుంచి డీకే అరుణ. అక్కడ ఊళ్లకు ఊళ్లు ఉల్లి మీదే బతుకుతాయి. మా దగ్గర ఎకరం ఉల్లి వేసినవాడికి పక్కనే వరి, పత్తి ఉంటాయి. కోపం ఒక్క చోట పోగవదు.

కొనేవాడి కోపం అలా కాదు, అందరికీ ఒకేసారి వస్తుంది. హైదరాబాద్‌లో గ్యాస్ బండ 1,155 రూపాయలకు చేరాక, 2023 ఆగస్టు చివర్లో, అంటే మన అసెంబ్లీ ఎన్నికలకు మూడు నెలల ముందు, కేంద్రం 200 తగ్గించింది. కాంగ్రెస్ 500కే ఇస్తామంది. బీఆర్ఎస్ 400 అంది. పాట అంటే అది, దేవరకద్రలో మాది ఏం పాట!

నా కడుపుమంట వేరే ఉంది. ఏడాది మొత్తం గ్యాస్‌కు పెట్టేది మా పిల్లోడి స్కూల్ ఫీజులో ఒక టర్మ్‌కు కూడా రాదు. పైగా బూట్లు, టై, పుస్తకాలు వాళ్ల దగ్గరే కొనాలి. ఫీజుల సంగతి తేల్చమని 2017లో తిరుపతిరావు కమిటీ వేశారు. మా పిల్లోడి ఫీజు మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది. దీని మీద ఓడిన ఎమ్మెల్యే ఒక్కడు లేడు. ఎందుకుంటాడు? పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన ఫీజు గురించి అడగడానికి లేవబోతే, పిల్లల మీద కక్ష పెట్టుకుంటారని పక్కాయన చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. టమాటా కిలో వంద దాటినప్పుడు ఆ పక్కాయనే బస్టాండులో సర్పంచ్ నుంచి ప్రధాని దాకా ఒక్కరినీ వదల్లేదు.