ఇంజిన్ మారిన ట్యాంకరుకు ఏ ఫీడ్ పంపు సరిపోతుంది?

ప్రశ్న: మా పాత నీళ్ల ట్యాంకరు లారీకి నిరుడు టర్బో ఉన్న 130 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్ బిగించాము. ఇంజెక్షన్ పంపు ఇన్‌లైన్ రకం. నీళ్ల ట్యాంకు కోసం డీజిల్ ట్యాంకును చాసిస్ మీద బాగా వెనక్కి జరపవలసి వచ్చింది. ఖాళీగా ఉన్నప్పుడు బండి బాగానే నడుస్తుంది కాని, నిండు లోడుతో బంజారాహిల్స్ ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ పడిపోతోంది. ఫీడ్ పంపు తీసేసి పెద్ద ఎలక్ట్రిక్ పంపు వేయమని మెకానిక్ అంటున్నారు. ఏది కొనాలి?
– ట్యాంకరు యజమాని, హయత్‌నగర్

జవాబు: ట్యాంకులోని డీజిల్‌ను ఇంజెక్షన్ పంపుకు అందించేది ఫీడ్ పంపు; దానిని ఎక్కువ ఒత్తిడితో సిలిండర్లకు పంపేది ఇంజెక్షన్ పంపు. ముందుగా ఒక సంగతి గమనించండి. ఎత్తులో పికప్ పడిపోయినప్పుడు సైలెన్సర్ నుంచి నల్లపొగ దట్టంగా వస్తుంటే డీజిల్ అందుతున్నట్టే. లోపం గాలి వైపు, అంటే ఎయిర్ ఫిల్టరులోనో, టర్బో గొట్టాలలోనో ఉండవచ్చు. పొగ లేకుండానే బలం తగ్గితే డీజిల్ చాలడం లేదని అనుమానించాలి. అప్పుడైనా పంపు కొనే ముందు ఫిల్టరుకూ ఇంజెక్షన్ పంపుకూ మధ్య ప్రెజర్ గేజి పెట్టించి, నిండు లోడుతో అదే ఎత్తు ఎక్కించి చూడండి. డీజిల్ గొట్టాన్ని క్యాబిన్‌లోకి లాగకుండా, వైరుతో పనిచేసే గేజినే వాడాలి.

ఇన్‌లైన్ పంపుకు (ఒక్కో సిలిండరుకు ఒక్కో పంపు భాగం వరుసగా ఉండే రకానికి) సాధారణంగా 1 నుంచి 2.5 బార్ ఒత్తిడితో డీజిల్ అందితే చాలు. ఇక పరిమాణం సంగతి: 130 హార్స్‌పవర్ అంటే దాదాపు 96 కిలోవాట్లు, పూర్తి లోడులో కిలోవాట్ గంటకు 220 గ్రాముల చొప్పున లెక్కిస్తే గంటకు 21 కిలోలు, అంటే సుమారు 25 లీటర్లు ఖర్చవుతుంది. అయితే ఇంజెక్షన్ పంపును చల్లబరచి, అందులోని గాలిని బయటికి తోసి, రిటర్న్ లైను గుండా ట్యాంకుకు తిరిగి వెళ్లే డీజిల్ కూడా ఉంటుంది కనుక, పని ఒత్తిడి దగ్గర ఇంతకు రెండు మూడు రెట్లు ఇవ్వగల పంపు కావాలి. ‘పని ఒత్తిడి దగ్గర’ అన్న మాటను దుకాణంలో గట్టిగా అడగండి. పెట్టె మీద అచ్చువేసే లీటర్లు చాలాసార్లు ఒత్తిడి ఏమీ లేనప్పుడు కొలిచినవి. అవసరానికి మించిన పంపు వల్ల బలం పెరగదు, మిగులు డీజిల్ రిటర్న్‌లోకి పోతుందంతే.

నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే అనుమానంగా తోచింది డీజిల్ ట్యాంకును వెనక్కి జరపడం. ఇంజిన్ దగ్గరి ఫీడ్ పంపు డీజిల్‌ను లాగాలి; గొట్టం పొడవైనకొద్దీ, సన్ననైనకొద్దీ, వంపులు ఎక్కువైనకొద్దీ ఆ లాగడం కష్టమవుతుంది, జాయింట్లు వదులుగా ఉంటే గాలి కూడా పడుతుంది. ఫీడ్ పంపుకు ముందు అడుగు పొడవున్న పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా పెట్టి చూస్తే బుడగలు ఉన్నాయో లేవో తెలుస్తుంది. గొట్టం మార్చినా ఫలితం లేకపోతేనే ఎలక్ట్రిక్ పంపు ఆలోచించండి. అటువంటి పంపు తోయడంలో సమర్థమైనది, లాగడంలో కాదు. కాబట్టి దానిని ట్యాంకు పక్కనే, వీలైతే డీజిల్ మట్టానికి దిగువన బిగించాలి. మీ లారీ 24 వోల్టులదైతే పంపు కూడా 24 వోల్టులదే కావాలి. వైరు లావుగా ఉండాలి, రిలే, ఫ్యూజు తప్పనిసరి. ఇంజిన్ ఆగితే పంపు ఆగిపోయేలా ఆయిల్ ప్రెజర్ స్విచ్‌తో కలపడం మంచిది.

రాణిగంజ్ దుకాణాలలో లారీ మోడల్ పేరు చెబితే కంపెనీ మొదట బిగించిన ఇంజిన్‌కు సరిపడే పంపే చేతికిస్తారు. మీరు ఇప్పటి ఇంజిన్ నంబరు, ఇంజెక్షన్ పంపు ప్లేటు మీది నంబరు రాసుకుని వెళ్లండి. ఇంజిన్ మార్పు ఆర్‌సీలో నమోదు కాకపోయి ఉంటే రవాణా కార్యాలయంలో సరిచేయించండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కిందికి ఆ మార్పు వస్తుంది.

ప్రశ్న: స్క్రాప్‌లో దొరికే పాత ఫీడ్ పంపు వేయవచ్చా?
– డ్రైవరు, ఆటోనగర్

జవాబు: ఇన్‌లైన్ పంపు పక్కన బిగించే ఫీడ్ పంపు అయితే, బాడీ గీతలు పడకుండా ఉంటే, పిస్టన్ తేలికగా కదులుతుంటే, వాల్వులూ స్ప్రింగులూ కొత్తవి వేసి వాడవచ్చు. ఎలక్ట్రిక్ పంపు మాత్రం పాతది కొనవద్దు. లోపలి అరుగుదల బయటికి కనిపించదు. కామన్ రైల్ ఇంజిన్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే రకం) హై ప్రెజర్ పంపు విషయంలో పార్టు నంబరు ఒక్క అంకె తేడా ఉన్నా తీసుకోకండి.