చేతికి రాని ఫీజును నమ్మి ఇల్లు తాకట్టు పెట్టకండి

ప్రశ్న: ఒక కన్సల్టెన్సీలో పదకొండేళ్లుగా ఫోరెన్సిక్ ఇంజినీరుగా ఉంటూ రోడ్డు ప్రమాదాలు, వాటిలో తగిలే గాయాలపై నివేదికలు ఇస్తున్నాను. ఉద్యోగం మానేసి సొంత ప్రాక్టీసు పెట్టాలనుకుంటున్నాను. లేజర్ స్కానరు, వాహనాల డేటా రికార్డర్లను చదివే పరికరాలు కొనడానికి ఇంటిపై రుణం తీసుకోవచ్చా? చేతిలో మూడు నెలల ఖర్చులకు డబ్బుంది. నలుగురు న్యాయవాదులు కేసులు ఇస్తామన్నారు కాబట్టి ఆ ఫీజులతో ఈఎంఐలు కట్టేయగలనని నమ్మకం.

జవాబు: ఇంకా రాయని బిల్లులను మీరు అప్పుడే ఆదాయంగా లెక్కవేసుకున్నారు. సొంతంగా నిలబడాలనుకునే నిపుణులు తరచూ చేసే పొరపాటు ఇదే కనుక కాస్త కటువుగానే చెబుతున్నాను: ఈ రుణం తీసుకోవద్దు.

ఘటనాస్థలంలో టైరు జాడలు కొలవడం, సీటు బెల్టు పట్టీపై పడిన ఒరిపిడి గుర్తులను బట్టి ఢీకొన్న క్షణంలో దాన్ని పెట్టుకున్నారో లేదో తేల్చడం వంటి పని కొన్ని వారాల్లో ముగియవచ్చు గానీ, కేసు ఏళ్ల తరబడి సాగితే మీ బిల్లులో పెద్ద భాగం కూడా దానితోపాటే ఆగిపోవచ్చు. తెగిన బెల్టునూ విరిగిన స్టీరింగునూ చీటీ కట్టి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో నమోదు చేసి, కేసు ముగిసేదాకా భద్రపరిచే గదికి అద్దె ప్రతి నెలా మీరే కట్టాలి. బ్యాంకుకు కోర్టు వాయిదాలతో పని లేదు.

అందువల్ల ఇంటికి పన్నెండు నెలల ఖర్చులు, ప్రాక్టీసుకు విడిగా ఆరు నెలల ఖర్చులు వెంటనే తీసుకోగలిగే ఖాతాల్లో జమయ్యేదాకా ఉద్యోగం వదలకండి. ఈ అత్యవసర నిధి మీ కుటుంబంతోపాటు మీ నివేదికనూ కాపాడుతుంది. సాక్ష్యం చెప్పే నిపుణుడి ఫీజు కేసు ఫలితంపై ఆధారపడకూడదన్నది మీకు తెలిసిన నియమమే. అయినా, వేగం గంటకు 55 నుంచి 70 కిలోమీటర్ల మధ్య ఉండవచ్చని మాత్రమే లెక్క చెబుతున్న చోట ఒక న్యాయవాది 70 అని రాయమంటే, వారంలో ఈఎంఐ గడువున్న మనిషికి కాదనడం ఎంత కష్టమో ఆలోచించండి. అలా రాసింది క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్కసారి బయటపడితే ఆ తర్వాత మిమ్మల్ని పిలిచేవారుండరు.

బీమా సంగతి మీ లేఖలో లేకపోవడం నన్ను మరింత కలవరపెట్టింది. ఇప్పుడు మీ పనికి సంస్థ తీసుకున్న వృత్తి బాధ్యత పాలసీ (పనిలో పొరపాటు జరిగిందని ఎవరైనా దావా వేస్తే ఆ పరిహారాన్ని భరించే బీమా) రక్షణగా ఉండి ఉండాలి. ఇలాంటి పాలసీల్లో ఎక్కువ భాగం పని చేసిన తేదీని కాక, క్లెయిము వచ్చిన తేదీని చూస్తాయి. మీరు రాజీనామా చేశాక, నాలుగేళ్ల క్రితం సంతకం పెట్టిన నివేదికపై ఎవరైనా దావా వేస్తే బాధ్యత ఎవరిదో ఇప్పుడే తేలాలి. కొత్త పాలసీని మొదటి కేసు ఒప్పుకోకముందే తీసుకోండి. రద్దీ రోడ్ల మీద కొలతలు తీసే మీకు, గాయమై పని చేయలేని నెలల్లో ఆదాయం ఇచ్చే పాలసీ కూడా తప్పనిసరి.

స్కానరును కేసుకింతని అద్దెకు తెచ్చుకుని, ఆ ఖర్చును బిల్లులో చూపండి. పని మొదలుపెట్టే ముందే అడ్వాన్సు అడగండి. క్రెడిట్ కార్డుతో నెలలు గడపాలన్న ఆలోచన ఉంటే ఇక్కడితో మానేయండి.

ముందుగా పాత నివేదికల బీమా గురించి మీ సంస్థకు లేఖ రాసి, రాతపూర్వకంగా జవాబు అందిన తర్వాతే రాజీనామా తేదీ గురించి మాట్లాడండి.