మే నెలలో సాయంత్రం అయిదు గంటలంటే సాయంత్రం కాదు

అడిగిన ప్రశ్న: “మాది కరీంనగర్. పై అంతస్తులో అద్దెకుంటున్నాం, ఏసీ లేదు. కుక్క, పిల్లి రెండూ ఉన్నాయి. ఈ ఎండల్లో వాటిని ఎలా కాపాడుకోవాలి?”

ఏసీ లేదని బెంగపడకండి. మా బంటికి వడదెబ్బ తగిలిన రోజు పగలంతా అది ఏసీ గదిలోనే ఉంది. బయటికి తీసుకెళ్లి ప్రాణం మీదికి తెచ్చింది నేనే.

బంటి పగ్ అనే చప్పిడిముక్కు జాతి కుక్క. మా తమ్ముడు హైదరాబాదులో ముచ్చటపడి కొన్నాడు. ముచ్చట తీరాక హనుమకొండలో మా ఇంట్లో దింపి వెళ్లాడు. (దీని గురించి ఇంకా రాయగలను కానీ వాడు ఇవన్నీ చదువుతాడు.) ఆ ఏడాది రోహిణి కార్తెలో ఒకరోజు, పొద్దు వాలింది కదా అని అయిదు గంటలకు దాన్ని వడ్డేపల్లి చెరువు వైపు నడిపించాను. నాకు చెప్పులున్నాయి కనుక రోడ్డు సంగతి తట్టలేదు. పగలంతా కాలిన సిమెంటు రోడ్డు ఏడింటి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. బంటి పాదం మోపిన చోట మోపకుండా గెంతుతుంటే హుషారుగా ఉందని మురిసిపోయాను.

నాలుగు వీధులు దాటామో లేదో రొప్పడం మొదలుపెట్టింది. మామూలు రొప్పు కాదు, గురక కలిసిన రొప్పు. నాలుక ముదురు ఎరుపెక్కింది, చొంగ జిగురులా వేలాడింది. ఇంకో పది అడుగులకు వెనక కాళ్లు తడబడి కూలబడింది.

అదృష్టం కొద్దీ అక్కడే చలివేంద్రం ఉంది. నీళ్లు పోసే పెద్దాయన ఏమీ అడగకుండా కుండ ఎత్తి తెచ్చాడు. ఈలోగా పోగైన వాళ్లలో ఒకామె “ఉల్లిగడ్డ రసం పట్టించు బిడ్డా” అంది. వడదెబ్బకు మన ఇళ్లలో ఉల్లిగడ్డే కదా మొదటి మందు, నాకూ సబబే అనిపించింది. ఆ క్షణాన దొరక్కపోవడమే మంచిదైంది. ఉల్లి కుక్కకూ పిల్లికీ విషమని, రక్తకణాలను చెడగొడుతుందని డాక్టరు తర్వాత చెప్పారు. ఇంకొకాయన పారాసిటమాల్ బిళ్ల వేయమన్నాడు. అది కూడా వద్దు. పిల్లికైతే ఒక్క బిళ్లే ప్రాణాంతకం కావచ్చు.

నేను మాత్రం తక్కువ తిన్నానా! తువ్వాలు తడిపి చంటిబిడ్డను చుట్టినట్టు చుట్టి, ఆటో ఎక్కాను. పశువైద్యశాలలో మొదటి తిట్టు దానికే. చుట్టిన తడిబట్ట కాసేపటికే ఒంటి వేడికి వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుందట. కడుపు కింద, తొడల మధ్య, పాదాల మీద మామూలు నీళ్లు పోస్తూనే ఉండి గాలి తగలనివ్వాలి. “ముందు చల్లార్చండి, తర్వాత తీసుకురండి” అన్నారు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదని కూడా చెప్పారు. జ్వరం చూస్తే 106 డిగ్రీలు. కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. సెలైన్ ఎక్కించి రాత్రి తొమ్మిది దాకా అక్కడే ఉంచుకున్నారు. బతికింది.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పడమే దానికి చెమట. పగ్‌లకు ముక్కే సరిగా లేదు, ఇంక రొప్పేది దేనితో? మా కాలనీలో ఒకరు హస్కీని పెంచుతున్నారు. మంచులో బండి లాగే కుక్కను మన ఎండల్లోకి తెచ్చి, బాల్కనీలో కట్టేసి ఫొటోలు తీసుకుంటున్నారు. పైగా వేసవి అని బొచ్చంతా గొరిగించారు. ఆ బొచ్చే ఎండను ఆపుతుందంటే నన్ను ఎగాదిగా చూశారు. మన ఊరకుక్కను చూడండి, పదకొండయ్యేసరికి ఆగి ఉన్న లారీ కిందో కాలువ పక్కన తడిమట్టిలోనో దూరిపోతుంది.

ఇక పిల్లి సంగతి. దానికి మనం నేర్పేదేమీ లేదు, దాని దగ్గర నేర్చుకోవాలి. మా మల్లి ఏ గంటకు ఇంట్లో ఎక్కడ చల్లగా ఉంటుందో ఇల్లు కట్టిన మేస్త్రీ కన్నా బాగా చెబుతుంది. పొద్దున బియ్యం సంచుల పక్కన, మధ్యాహ్నం స్నానాలగదిలో గోలెం వెనక పడుకుంటుంది. నేను చేసేదల్లా అది పడుకున్న చోటే బంటికీ గోనెపట్టా తడిపి వేయడం, తలుపులు మూయకుండా ఉంచడం. మీది పై అంతస్తు కనుక మధ్యాహ్నం డాబా కింది గది నిప్పుల కుంపటే. స్నానాలగది మాత్రం వాటికి వదిలేయండి. నీళ్లు స్టీలు గిన్నెలో కాకుండా మట్టి మూకుళ్లలో, రెండు మూడు చోట్ల పెట్టండి. కూలరు మేలో బాగా పనిచేస్తుంది, వానలు పడి గాలిలో తేమ పెరిగాక దాన్ని నమ్ముకోవద్దు. పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే మాత్రం ఇక్కడ ప్రశ్న అడుగుతూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. కుక్క రొప్పినట్టు కాదది.

మీ కుక్కను నడిపించేది పొద్దున ఆరులోపే. సాయంత్రమైతే అరచేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. అందాకా చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. నేను ఇప్పుడు రోజూ గేటు ముందు వంగి అదే చేస్తున్నాను. ఎదురింటావిడ చాలా రోజులు నేను భూమికి దండం పెడుతున్నాననుకుందట.

నిన్నటి నుంచి మల్లి గోలెం వదిలేసి మెట్ల కిందికి మారింది. బంటి గోనెపట్టా కూడా అక్కడికి మార్చాలి.